ఔట్‌బ్యాక్ ఊళ్ల మీదుగా మోటార్‌హోమ్: ఏ దారి, ఏ బండి?

ఆస్ట్రేలియా లోపలి ఊళ్లు చూద్దామనుకున్న కుటుంబం సాధారణంగా అద్దె మోటార్‌హోమ్‌ల (పడకలు, వంటగది ఉన్న బండ్ల) పేజీ తెరిచి, ఎన్ని పడకలున్నాయి, రోజుకు ఎంత అని మొదలుపెడుతుంది. ముందు దారి తేల్చుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది. దారి ఎంచుకునేటప్పుడు కూడా మొత్తం దూరం కంటే ఊరికీ ఊరికీ మధ్య ఎడం చూడాలి. డీజిల్, పిల్లల ఓపిక, ట్యాంకులో నీళ్లు, చీకటి పడేలోపు చేరడం, అన్నీ ఆ ఎడం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక్కడ పోలుస్తున్నవి మూడు దారులు: సిడ్నీ నుంచి బ్రోకెన్ హిల్, బ్రిస్బేన్ నుంచి లాంగ్‌రీచ్ మీదుగా వింటన్, అడిలైడ్ నుంచి కూబర్ పీడీ మీదుగా ఆలిస్ స్ప్రింగ్స్. మూడూ మొదటి నుంచి చివరిదాకా తార్రోడ్లే. బండ్ల సంగతి ఆ తర్వాత.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

పగటి వెలుతురు. ఔట్‌బ్యాక్‌కు అనువైన కాలం ఏప్రిల్ చివర నుంచి సెప్టెంబరు దాకా. అది అక్కడ చలికాలం, పగలు తక్కువ. జూన్‌లో బ్రోకెన్ హిల్‌లో సాయంత్రం 5 దాటగానే పొద్దు గుంకుతుంది. లాంగ్‌రీచ్, కూబర్ పీడీల్లో 5:40 ప్రాంతంలో. పొద్దు వాలే వేళ, తెల్లవారుజామున కంగారూలు, ఈము పక్షులు రోడ్డు మీదికి వస్తాయి. బరువైన మోటార్‌హోమ్ వాటిని చూసి ఆగేసరికి ఆలస్యమైపోతుంది, పక్కకు తిప్పితే బోల్తా పడుతుంది. అందుకే 4 గంటలకల్లా ఆ రోజు మజిలీ చేరాలి. ఉదయం 8:30కి బయల్దేరి, భోజనానికి, టీకి ఆగుతూ పోతే రోజుకు 300 నుంచి 350 కిలోమీటర్లు హాయిగా సాగుతాయి. అంతకు మించి రాసుకున్న ప్లాన్లు కాగితం మీదే బాగుంటాయి.

బంకుల మధ్య ఎడం. మోటార్‌హోమ్ ట్యాంకు నిండుగా ఉంటే 500 కిలోమీటర్లకు పైగా వస్తుందని లెక్క చెబుతుంది. ఎదురుగాలి బలంగా కొడితే ఆ లెక్క ఇట్టే తగ్గిపోతుంది. రోడ్‌హౌస్ (దారి పక్క బంకు, హోటల్ కలిసి ఉండే చోటు) మూసేయడం, పంపు చెడిపోవడం అక్కడ వింత కాదు. ఒక బంకు మూసి ఉన్నా దాని తర్వాతి బంకుదాకా చేరగలగాలి: ఇదొక్కటి పట్టుకుంటే దారిలో చిక్కుకోరు. అంటే సగం ట్యాంకు ఉండగానే నింపుకోవడం.

తారు ఎక్కడ ఆగిపోతుంది. టూ-వీల్ డ్రైవ్ అద్దె మోటార్‌హోమ్‌లను మట్టిరోడ్డెక్కించడానికి కంపెనీలు ఒప్పుకోవు. క్యాంప్‌గ్రౌండ్ లోపలికి వెళ్లే చిన్న ముక్కకు మాత్రం మినహాయింపు ఇస్తాయి. ఆ ముక్క ఎంత పొడవు ఉండొచ్చన్నది కంపెనీని బట్టి మారుతుంది. చూడాలనుకున్న చోటు తారు దాటి 13 కిలోమీటర్లు లోపలుంటే, ఆ బండితో అది మీ జాబితాలోంచి పోయినట్టే.

పిల్లల సీట్లు. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు వయసుకు తగ్గ, అక్కడి ప్రమాణం ఉన్న సీట్లోనే కూర్చోవాలి. ఆ సీటుకు వెనకనుంచి పట్టీ బిగించే కొక్కెం కావాలి. మోటార్‌హోమ్‌లో ఆరు సీట్లున్నా ఆ కొక్కేలు ఒకటో రెండో సీట్లకే ఉంటాయి. ఆరు పడకలున్నాయని బుక్ చేసి, బండి అప్పగించే డిపో దగ్గర మూడో పాపకు సీటు బిగించే చోటు లేదని తెలుసుకుంటే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆర్నెల్లలోపు పసిపాప ఉంటే వెనక్కి తిరిగి ఉండే సీటు ఏ స్థానంలో పడుతుందో ఫోన్లో కాకుండా ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

టాయిలెట్, నీళ్లు, కరెంటు. వీటి గురించి బండ్ల దగ్గర వివరంగా ఉంది. కారవాన్ పార్కుల్లోనే (డబ్బు కట్టి బండి నిలుపుకుని రాత్రి ఉండే చోట్లు) పడుకుంటే వీటికి అంత ప్రాధాన్యం లేదు. నదీతీరాన, ఊరి బయట ఉచిత మజిలీల్లో పడుకోవాలనుకుంటే వీటికంటే ముఖ్యమైనది లేదు.

## మూడు దారులు

| | సిడ్నీ–బ్రోకెన్ హిల్ | బ్రిస్బేన్–వింటన్ | అడిలైడ్–ఆలిస్ స్ప్రింగ్స్ |
|---|---|---|---|
| ఒకవైపు దూరం (సుమారు) | 1,150 కి.మీ. | 1,360 కి.మీ. | 1,530 కి.మీ. |
| మజిలీల మధ్య ఎడం (కి.మీ.) | డబ్బో దాటాక 130–260 | రోమా దాటాక ఎక్కువగా 85–120, చివర 180 | పోర్ట్ అగస్టా దాటాక 75–250 |
| కావలసిన రోజులు | రానుపోను 9–10 | రానుపోను 12–14 | ఒకవైపు 8, ఉలూరు కొండతో 10 |
| జులై రాత్రులు | గట్టి చలి | ఓ మోస్తరు చలి | ఆలిస్ దగ్గర సున్నాకు పడిపోవచ్చు |
| ఎవరికి | వారం, పది రోజుల సెలవున్న సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్లకు | చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నవారికి | వచ్చినదారినే తిరిగి రాకూడదనుకునేవారికి |

### బ్రిస్బేన్ నుంచి వింటన్: ఊళ్లే ఊళ్లు

మొదటిసారి వెళ్లేవారికి మేం ముందు చెప్పేది ఈ దారి. రోమా దాటాక వరసగా మిచెల్, మోర్వెన్, ఆగథెల్లా, టాంబో, బ్లాక్‌ఆల్, బార్కల్డిన్, లాంగ్‌రీచ్ వస్తాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య 85 నుంచి 120 కిలోమీటర్లు. గంటా గంటన్నరకోసారి ఓ ఊరు, పార్కులో ఊయల, శుభ్రమైన పబ్లిక్ టాయిలెట్, బేకరీ. ఐదేళ్ల పిల్లాడు 'ఇంకెంత దూరం' అని రెండోసారి అడిగేలోపు ఆగొచ్చు. లాంగ్‌రీచ్ నుంచి వింటన్‌కు మాత్రం 180 కిలోమీటర్లు. మధ్యలో బంకు ఉంటుందనుకోకుండా లాంగ్‌రీచ్‌లోనే నింపుకోవాలి.

చూడాల్సినవి ఊళ్లలోనే ఉన్నాయి, అదే ఈ దారి బలం. రోమా పశువుల సంతలో మంగళ, గురువారాల్లో వేలం జరుగుతుంది. మన సంతలు చూసి పెరిగినవాళ్లు ఆ హడావుడి చూడాల్సిందే, కాబట్టి ఆ రోజులకు సరిపోయేలా బయల్దేరండి. బార్కల్డిన్‌లో 1891 గొర్రె ఉన్ని కత్తిరించే కార్మికుల సమ్మె జ్ఞాపకంగా నిలిచిన 'జ్ఞానవృక్షం' ఉంది. 2006లో ఎవరో విషం పెట్టి చంపేసిన ఆ చెట్టు మోడును ఇప్పుడు పెద్ద స్మారకం కింద నిలబెట్టారు. లాంగ్‌రీచ్‌లో క్వాంటాస్ విమాన సంస్థ మ్యూజియం, పశుకాపరుల చరిత్ర చెప్పే స్టాక్‌మ్యాన్స్ హాల్ ఆఫ్ ఫేమ్ రెంటికీ కలిపి ఒక పూర్తి రోజు వదలండి. బోయింగ్ 747 లోపలికి ఎక్కించే టూర్‌కు చలికాలంలో ముందే బుక్ చేసుకోవాలి. వింటన్ అంటే డైనోసార్లు.

వింటన్‌కు నైరుతిలో 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న లార్క్ క్వారీలో డైనోసార్ల అడుగుజాడలున్నాయి. ఆ దారిలో అన్నిచోట్లా తారు లేదు. అద్దె మోటార్‌హోమ్‌తో వెళ్లాలంటే ముందు కంపెనీ రాతపూర్వక అనుమతి అడగండి. రాకపోతే ఊరికి దగ్గర్లోనే ఉన్న ఏజ్ ఆఫ్ డైనోసార్స్ మ్యూజియంతో సరిపెట్టుకోండి. పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఒక్క హెచ్చరిక. వింటన్ లాంటి ఊళ్లలో కుళాయి నీళ్లు భూమి లోతుల్లోంచి వేడిగా వస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. ప్రమాదమేమీ లేదు. ఓ బకెట్లో పట్టి కాసేపు మూత తీసి ఉంచితే వాసన పోతుంది. బండి ట్యాంకు నింపేముందు ఊరి పేరు చూసి కాక, కుళాయి దగ్గర 'తాగే నీళ్లు' అని రాసి ఉందా చూసి నింపండి.

ఈ దారికి ఉన్న లోపం సమయం. రానుపోను 2,700 కిలోమీటర్లు దాటుతుంది. పది రోజుల్లో ముగించాలంటే వింటన్ వదిలేసి లాంగ్‌రీచ్ నుంచే తిరగడం మంచిది.

### సిడ్నీ నుంచి బ్రోకెన్ హిల్: తక్కువ రోజుల్లో అసలు ఎడారి అంచు

డబ్బో దాకా 400 కిలోమీటర్లు పొలాలు, కొండలు. పిల్లలుంటే అక్కడి టారోంగా జూలో ఒక రోజు. నింగన్ (మరో 165), కోబార్ (మరో 130) దాకా కూడా ఊళ్లు దగ్గరే. అక్కడి నుంచి విల్కానియాకు 260 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది ఎమ్‌డేల్ రోడ్‌హౌస్ ఒక్కటే. విల్కానియా నుంచి బ్రోకెన్ హిల్‌కు 195. కోబార్‌లో ట్యాంకు, నీళ్లు, తిండి మూడూ నింపుకోకుండా ముందుకు కదలొద్దు.

కోబార్‌లోనే పడుకుని ఉదయాన్నే బయల్దేరితే ఒకే రోజులో బ్రోకెన్ హిల్ చేరే ఆశ పుడుతుంది: 455 కిలోమీటర్లు. చలికాలంలో మోటార్‌హోమ్‌తో అది తప్పుడు లెక్క. విల్కానియా నుంచి తార్రోడ్డు మీద 93 కిలోమీటర్లు పక్కకు వెళ్తే వైట్ క్లిఫ్స్ వస్తుంది. ఓపల్ రాళ్లు తవ్విన గుంతలనే ఇళ్లుగా మార్చుకున్న ఊరది. అక్కడ ఓ రాత్రి ఉంటే దూరం రెండు ముక్కలవుతుంది, భూగర్భ ఇళ్లు చూడటానికి కూబర్ పీడీ దాకా పోనక్కర్లేదు కూడా.

బ్రోకెన్ హిల్‌కు కనీసం రెండు రాత్రులివ్వండి. గనుల కంపెనీ బీహెచ్‌పీ 1885లో పుట్టింది ఇక్కడే. ఊరికి తాగునీళ్లు ఇప్పుడు 270 కిలోమీటర్ల గొట్టంలో మర్రీ నది నుంచి వస్తున్నాయి. రేకులతో కట్టిన పాత మసీదు ఒకటుంది. రైలు రాకముందు ఒంటెల మీద సరుకు మోసిన అఫ్గాన్, భారత ఉపఖండపు మనుషులు 19వ శతాబ్దం చివర్లో కట్టుకున్నది. ఆ ఊళ్లో మనవైపు మనుషుల ఆనవాలు అంత పాతది. విమానంలో వెళ్లి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ స్థావరం, గనుల్లో చనిపోయిన కార్మికులకు గని పైన కట్టిన స్మారకం, 25 కిలోమీటర్ల దూరంలో సిల్వర్‌టన్, అది దాటగానే ముండి ముండి మైదానం, వీటన్నిటికీ తారుంది. డేడ్రీమ్ గనికి లేదు. కోబార్ పడమట మౌంట్ గ్రెన్‌ఫెల్ శిలాచిత్రాలకూ లేదు. మోటార్‌హోమ్‌తో వచ్చి ఈ రెండూ చూడాలనుకుంటే నిరాశే.

బ్రోకెన్ హిల్ ఉన్నది న్యూ సౌత్ వేల్స్‌లోనే అయినా గడియారం దక్షిణ ఆస్ట్రేలియాది, అరగంట వెనక. టూర్లు బుక్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి. మెల్‌బోర్న్ వాళ్లకు మిల్డూరా మీదుగా ఇది 840 కిలోమీటర్లే. సిడ్నీ కంటే వాళ్లకే దగ్గర.

ఇక్కణ్నుంచి అడిలైడ్ వైపు దిగేవారికి: ఊడ్లా విర్రా దగ్గర పండు ఈగ తనిఖీ కేంద్రం ఉంది. ఫ్రిజ్‌లో టమాటాలు, పచ్చిమిరపకాయలు, మామిడిపళ్లు ఉంటే తీసేసుకుంటారు. ప్రకటించకుండా దాస్తే జరిమానా. ముందురోజు రాత్రే టమాటా పప్పు, పచ్చిమిరప పచ్చడి చేసేయండి. వండినదానికి అడ్డు లేదు.

### అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్: పెద్ద ఖాళీలు

పోర్ట్ అగస్టా (310 కి.మీ.) తర్వాత ఊళ్లు తక్కువ, రోడ్‌హౌస్‌లు ఎక్కువ. పింబా 175, గ్లెన్‌డాంబో 113, అక్కడి నుంచి కూబర్ పీడీ 250. గ్లెన్‌డాంబో మీద ఆశ పెట్టుకోకుండా పింబాలో నింపితే 365 కిలోమీటర్లు నిశ్చింతగా పోవచ్చు. కూబర్ పీడీ నుంచి క్యాడ్నీ 150, మార్లా 83, కుల్గెరా 180, ఎర్ల్‌డుండా 75, ఆలిస్ 200.

చిన్న ఊళ్ల కోసం వెళ్లేవారికి ఈ దారి మూడో స్థానమే. కూబర్ పీడీ ఒక్కటి మాత్రం తీసిపారేయలేం: 1915లో ఓపల్ దొరికిన ఆ ఊళ్లో చర్చిలు, హోటళ్లు, ఇళ్లు భూమిలోపలే. రెండు రాత్రులు ఉండండి, ఒక రాత్రి మోటార్‌హోమ్ బయట పెట్టి భూగర్భ గదిలో పడుకోండి. ఎర్ల్‌డుండా నుంచి ఉలూరు దగ్గరి యులారాకు 245 కిలోమీటర్లు పక్కకు వెళ్లి రావాలి. ఉలూరు ఎక్కడం 2019 అక్టోబరు నుంచి పూర్తిగా ఆపేశారు. చుట్టూ నడిచే దారి 10 కిలోమీటర్ల పైమాటే.

ఈ దారి లాభం: బండిని ఆలిస్‌లో అప్పగించి విమానంలో వెనక్కి రావొచ్చు. దానికి కంపెనీలు విడిగా 'వన్‌వే' రుసుము వేస్తాయి. ఆ రుసుమును తిరుగు ప్రయాణపు డీజిల్, నాలుగైదు రోజుల అద్దెతో పోల్చి చూడండి. చాలాసార్లు రుసుమే చవక. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా సెలవుకు వచ్చేవారికి కూడా ఇదే నప్పుతుంది.

ఈ దారిలోని స్టువర్ట్ హైవే మీద 53.5 మీటర్ల దాకా పొడవుండే రోడ్ ట్రైన్లు (వరసగా ట్రెయిలర్లు లాగే లారీలు) తిరుగుతాయి. అది 90 వేగంతో పోతుంటే మీరు 100తో దాటడానికి దాదాపు 43 సెకన్లు పడుతుంది, ఆ లోపు 1.2 కిలోమీటర్లు పోతారు. ఎదురుగా 100తో వచ్చే బండి కూడా అంతే దూరం ముందుకొస్తుంది. అంటే రెండున్నర కిలోమీటర్ల దాకా ఖాళీగా కనిపిస్తేనే దాటాలి. కనిపించకపోతే వెనకే ఉండండి, తర్వాతి రోడ్‌హౌస్‌లో టీ తాగండి. ఎదురుగా వచ్చే రోడ్ ట్రైన్ గాలికి మోటార్‌హోమ్ ముందు దానివైపు లాగినట్టయి, వెంటనే బయటికి నెట్టినట్టవుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని వేగం కాస్త తగ్గిస్తే చాలు.

## బండ్లు

| | హై-టాప్ క్యాంపర్‌వ్యాన్ | 4 పడకల మోటార్‌హోమ్ | 6 పడకల మోటార్‌హోమ్ | ఫోర్-వీల్ డ్రైవ్ క్యాంపర్ | కారు, క్యాబిన్ (కారవాన్ పార్కులో అద్దె గది) |
|---|---|---|---|---|---|
| సౌకర్యంగా ఎందరు | 2 | 2 పెద్దలు, 2 పిల్లలు | 4–5 | 2 | 4–5 |
| టాయిలెట్ | ఎక్కువగా ఉండదు | ఉంది | ఉంది | ఎక్కువగా ఉండదు | క్యాబిన్‌లో |
| 100 కి.మీ.కు ఇంధనం | 10–12 లీ. | 13–15 లీ. | 14–17 లీ. | 13–15 లీ. | 7–9 లీ. |
| మట్టిరోడ్డు | లేదు | లేదు | లేదు | అనుమతితో | మీ కారైతే మీ ఇష్టం |
| ఏడేళ్లలోపు పిల్లలు | కష్టం | 1–2, అడిగి తెలుసుకోవాలి | సాధారణంగా 2 | దాదాపు కుదరదు | ఇబ్బంది లేదు |

క్యాంపర్‌వ్యాన్ ఇద్దరికి చాలు, నగరంలో నడపడం సులువు. అర్ధరాత్రి చలిలో కారవాన్ పార్క్ టాయిలెట్ దాకా నడవగలిగినవాళ్లకే. ఫోర్-వీల్ డ్రైవ్ క్యాంపర్‌కు డబ్బు పెట్టాలంటే మట్టిరోడ్డు ప్రయాణం నిజంగా జాబితాలో ఉండాలి: ఊడ్నడాట్టా ట్రాక్, ముంగో నేషనల్ పార్క్ లాంటివి. పైన చెప్పిన మూడు తార్రోడ్లకు అది దండగ.

ఆరు పడకల బండి పేరుకే ఆరుగురికి. టాయిలెట్ క్యాసెట్ (మలినం చేరే, బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా) 17 నుంచి 20 లీటర్లు. ఆరుగురు వాడితే రోజూ ఖాళీ చేయాల్సిందే. రాత్రి మంచాలు పరిచాక తలుపు దాకా నడవడానికి చోటుండదు. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఒక పెద్ద బండి కంటే రెండు చిన్నవి తీసుకోండి. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది, స్నేహమూ నిలుస్తుంది.

నాలుగు పడకల మోటార్‌హోమ్‌కు మామూలు కారు లైసెన్సు చాలు. ఆ లైసెన్సు 4.5 టన్నుల దాకా వర్తిస్తుంది. ఎక్కువమంది దీన్నే తీసుకుంటారు కాబట్టి ఇందులో ఏది ఎక్కడ తన్నుతుందో కాస్త వివరంగా.

*ఏసీ:* పైకప్పు మీది ఏసీ, మైక్రోవేవ్ రెండూ కారవాన్ పార్కులో పవర్డ్ సైట్‌కు (కరెంటు ఉన్న స్థలానికి) తీగ తగిలిస్తేనే నడుస్తాయి. ఊరి బయట ఉచిత మజిలీలో నడవవు. లైట్లు, నీటి పంపు, ఫోన్ చార్జింగ్ మాత్రం బండిలోని రెండో బ్యాటరీ మీద నడుస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి; అప్పుడు ఉచిత మజిలీ మాటే వద్దు, అసలు ఆ నెలల్లో వెళ్లొద్దు.

*ఒక్కసారిగా కరెంటు పోవడం:* పవర్డ్ సైట్‌లో దొరికేది 15 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. ఏసీ 1,500, కెటిల్ 2,200, రైస్ కుక్కర్ 600. ఏసీ నడుస్తుండగా కెటిల్ పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. అన్నం పెట్టేటప్పుడు కెటిల్ వద్దు, టీ కాచేటప్పుడు ఏసీ ఆపండి. పడిపోతే ముందు బండి లోపలి బ్రేకర్, తర్వాత సైట్ స్తంభం మీది బ్రేకర్ చూడండి.

*వంట:* గ్యాస్ పొయ్యి రెండు, మూడు మంటలది ఉంటుంది. లోపల పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ఆ వాసన పరుపుల్లో దిగి చివరిరోజు శుభ్రం చేసే రుసుముగా తిరిగొస్తుంది. పోపు, వేపుళ్లు బయట చిన్న బ్యూటేన్ స్టవ్ మీద. అన్నం, పప్పు లోపల మూడు లీటర్ల కుక్కర్లో, పైకప్పు కిటికీ తెరిచి. అడవి మంటల నిషేధం ఉన్న రోజుల్లో బయట పొయ్యి వెలిగించకూడదు, ఆ రోజు నియమాలు పార్క్ ఆఫీసులో అడగండి. బండి కదిలేముందు, డీజిల్ కొట్టించేముందు సిలిండర్ కట్టేయాలి. శాకాహారులకు రోడ్‌హౌస్‌లో చిప్స్, టోస్ట్ తప్ప పెద్దగా దొరకదు. బియ్యం, కందిపప్పు, పొడులు, ఆవకాయ నగరంలోనే సర్దుకోండి. పాలు, పెరుగు, కూరగాయలు ఊళ్లలో దొరుకుతాయి.

*నీళ్లు:* ట్యాంకు ఎక్కువగా 80 నుంచి 120 లీటర్లు. నలుగురు, రెండేసి నిమిషాల స్నానాలు, గిన్నెలు కడగడం: రెండు రోజులు. తాగడానికి మనిషికి రోజుకు 4, 5 లీటర్ల చొప్పున విడి క్యాన్లలో ఉంచండి. వాడిన నీళ్లను నేలమీద వదలకూడదు, డంప్ పాయింట్‌లోనే (మురుగు పారబోసే చోటు).

*టాయిలెట్ క్యాసెట్:* ఇంట్లో ఈ పని ఎవరిదో బయల్దేరేముందే తేల్చుకోండి. నలుగురికి రెండు రోజులకోసారి ఖాళీ చేయాలి. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగితే మోసేటప్పుడు ఒలుకుతుంది. ఖాళీ చేసేటప్పుడు పక్కనున్న గాలి బటన్ నొక్కి పట్టుకుంటే చిమ్మదు. తర్వాత రెండుసార్లు కడిగి, కొంచెం నీళ్లు, మందు పోసి పెట్టాలి. 'ఆర్‌వీ ఫ్రెండ్లీ టౌన్' అన్న బోర్డు ఉన్న ఊళ్లలో డంప్ పాయింట్, తాగునీళ్లు దొరుకుతాయి. మజిలీలు చూపే వికీక్యాంప్స్ యాప్‌లో మ్యాపు ముందే దించుకోండి, మధ్యలో సిగ్నల్ ఉండదు. ఫోన్‌కు టెల్‌స్ట్రా సిమ్ ఒకటైనా ఉండాలి.

*యాడ్‌బ్లూ:* డీజిల్ పొగను శుద్ధి చేసే ద్రవం. కొత్త డీజిల్ బండ్లు చాలావాటికి ఇది కావాలి. అయిపోతే ఇంజన్ ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. 10 లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంచండి. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోయకండి, నీలం మూత ఎక్కడుందో డిపోలోనే చూసుకోండి.

*బీమా:* బండికి దెబ్బ తగిలితే మీరు కట్టాల్సిన మొదటి మొత్తం వేల డాలర్లలో ఉంటుంది. రోజువారీ రుసుము కట్టి తగ్గించుకున్నా, పైకప్పుకు తగిలిన దెబ్బ, బండి అడుగు దెబ్బ చాలా ఒప్పందాల్లో బయటే ఉంటాయి. బండి ఎత్తు 3.2 మీటర్ల పైన. పెట్రోల్ బంకు రేకు, ఊరి వీధిలో కిందికి వంగిన చెట్టుకొమ్మ, డ్రైవ్-త్రూ అడ్డకర్ర: పైకప్పులు పోయేది అక్కడే. ఎత్తు రాసిన చీటీ స్టీరింగ్ ముందు అంటించండి.

## ఖర్చు

సిడ్నీ–బ్రోకెన్ హిల్, 10 రోజులు, 9 రాత్రులు, అటూ ఇటూ కలిపి 2,500 కిలోమీటర్లు అనుకుందాం. డీజిల్, పెట్రోల్ లీటరు 2 ఆస్ట్రేలియా డాలర్లు, అద్దె రోజుకు 220, బీమా తగ్గింపు (పైన చెప్పిన మొదటి మొత్తం తగ్గించుకోవడానికి కట్టే రుసుము) 40, పవర్డ్ సైట్ 50, క్యాబిన్ 160 అని పెట్టుకుని వేసిన నమూనా లెక్క ఇది. మీకు వచ్చిన ధరలు ఇందులో వేసి చూసుకోండి.

| | 4 పడకల మోటార్‌హోమ్ | సొంత కారు, క్యాబిన్ |
|---|---|---|
| అద్దె | 2,200 | 0 |
| బీమా తగ్గింపు | 400 | 0 |
| ఇంధనం | 750 (375 లీ.) | 400 (200 లీ.) |
| బస | 350 (7 పవర్డ్, 2 ఉచితం) | 1,440 |
| మొత్తం డాలర్లు | 3,700 | 1,840 |

మోటార్‌హోమ్ చవక అన్న నమ్మకం ఇక్కడ నిలవదు. అది కొనేది వేరు: ఎక్కడ ఆగితే అక్కడే వంట, పడక, టాయిలెట్; రోజూ సామాను దించి ఎక్కించే పని లేకపోవడం; నదీతీరాన నిద్రలేవడం. వాటికి ఆ 1,860 డాలర్లు ఇవ్వడానికి మీ ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నదే ప్రశ్న.

## ఎవరికి ఏది

ఏడేళ్లలోపు పిల్లలు ఇద్దరుంటే బ్రిస్బేన్–లాంగ్‌రీచ్, నాలుగు పడకల బండి. ముగ్గురుంటే కారు, క్యాబిన్. సీట్ల చట్టం ముందు వేరే దారి లేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మోటార్‌హోమ్‌లో టాయిలెట్ వాళ్లకు పెద్ద వరం, కాని డ్రైవర్ తల మీది మంచం ఎక్కడానికి నిచ్చెన కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వెనక ఎప్పుడూ పరిచి ఉండే కింది మంచం ఉన్న నమూనానే అడగండి. రోజూ బల్ల మడిచి పరుపు వేసే నమూనా వద్దు. నడిచే బండిలో లేచి టాయిలెట్‌కు వెళ్లకూడదు, బెల్టు పెట్టుకునే కూర్చోవాలని వాళ్లకు ముందే చెప్పాలి. వాళ్ల మందులు పూర్తి రోజులకు సరిపడా వెంట ఉండాలి, మధ్య ఊళ్ల మందుల షాపులు శని, ఆదివారాల్లో తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇద్దరే, సెలవు తక్కువ: క్యాంపర్‌వ్యాన్‌లో బ్రోకెన్ హిల్, వైట్ క్లిఫ్స్. ఇద్దరే, వెనక్కి అదే దారి విసుగు: అడిలైడ్–ఆలిస్. సందర్శకులు ఇంగ్లీషులో ఉన్న భారతీయ లైసెన్సుతో నడపొచ్చు. ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉంటే డిపోలో ప్రశ్నలు తక్కువ. గేరు బండి అలవాటు లేకపోతే ఆటోమేటిక్ అని బుకింగ్‌లో రాయించండి.

వర్షం విషయంలో మూడు దారులకూ ఒకటే మాట. వందల కిలోమీటర్ల అవతల పడిన వాన కూడా వారం తర్వాత మీ రోడ్డు మీదికి వరదగా రావొచ్చు. రోజూ ఉదయం ఆ రాష్ట్ర ప్రభుత్వ రోడ్ల సైట్ చూడండి. మూసిన రోడ్డు మీద నడిపితే జరిమానా, బీమా కూడా పోతుంది. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే ఊళ్లోనే హాయిగా ఆగిపోవచ్చు. ప్రమాదంలో 000కు ఫోన్ చేయాలి. బండి చెడి సిగ్నల్ లేకపోతే బండిని వదిలి నడవొద్దు, నీడలో కూర్చుని దారినపోయే వాహనాన్ని ఆపండి.

బండి తీసుకునే రోజు డిపోలో గంటన్నర కేటాయించండి. పైకప్పుతో సహా నలువైపులా వీడియో తీయండి. స్టెప్నీ, జాకీ ఉన్నాయా, టైర్లలో గాలి తలుపు మీది అంకెకు సరిపోయిందా చూడండి. గ్యాస్ వెలిగించి, పంపు తిప్పి, టాయిలెట్ నొక్కి, బయటి తీగ తగిలించి ఏసీ వేయించి, పిల్లల సీట్లు బిగించి చూపించమనండి. పనిచేయనిది ఏదైనా ఉంటే మార్చగలిగేది ఆ డిపోలోనే, కోబార్ దాటాక కాదు.